పండుగ సాయం: ముందు ఒక ఫోన్, ఆ తర్వాతే ఖర్చు

మీరు అడిగింది ఇదీ. ఆఫీసులో పదిహేను మంది కలిసి పండుగ సెలవుల కోసం కొంత డబ్బు పోగు చేశారు. పిల్లల ఆశ్రమానికో వృద్ధాశ్రమానికో వెళ్లి ఒక పూట భోజనం పెట్టి, బట్టలు, దుప్పట్లు పంచి రావాలనుకుంటున్నారు. మీ పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్దామని ఉంది. ఇంతకంటే మంచి పద్ధతి ఏమైనా ఉందా, తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఏమిటి అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా ఒక సేవా సంస్థలో సరుకుల గది చూసుకుంటున్నాను. వచ్చిన విరాళాలు లెక్క రాయడం, వలంటీర్లకు పనులు అప్పజెప్పడం నా బాధ్యత. కాబట్టి ఇచ్చే చోట నిలబడి కాకుండా, తీసుకునే చోట ఏం జరుగుతుందో చూసి చెబుతున్నాను. మీ ఆలోచన మంచిదే. వెళ్లే రోజు మాత్రం మార్చండి, వెళ్లేముందు అడిగి వెళ్లండి. ఈ రెండూ చేస్తే మీ డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందు రోజు సంగతి చెబుతాను. పండుగ రోజున ఆశ్రమాల ముందు బళ్లు బారులు తీరి ఉంటాయి. పొద్దున ఒక బృందం టిఫిన్ తెస్తుంది. మధ్యాహ్నానికి రెండు బృందాలు భోజనాలతో దిగుతాయి. సాయంత్రం ఇంకెవరో మిఠాయిల పెట్టెలు పట్టుకొస్తారు. వద్దంటే మళ్లీ రారేమోనని నిర్వాహకులు ఎవరినీ కాదనలేరు. మొదటి భోజనమే కడుపునిండా తిన్న పెద్దవాళ్లు, వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని రెండోసారి కూడా కూర్చుని నాలుగు ముద్దలు తింటారు. మిగిలింది పారబోయాల్సి వస్తుంది. అదే పండుగ వెళ్లిన మూడో వారంలో చూడండి, గేటు దగ్గర అలికిడే ఉండదు. వలంటీర్ల విషయమూ అంతే. సెలవుల్లో పని ఇవ్వలేనంత మంది వస్తారు, ఆ తర్వాత సరుకు దించడానికి ఇద్దరు దొరకడం కూడా కష్టం.

పైగా అవసరం అసలు పెరిగేది సెలవుల తర్వాతే. జీతం ఉన్నవాళ్లకు సెలవంటే విశ్రాంతి. రోజుకూలీకి సెలవంటే కూలి రాని రోజు. పని చేసే చోటు మూతపడితే ఆ వారం ఇంట్లోకి డబ్బు రాదు. బడికి సెలవులిస్తే బడిలో భోజనం దొరికే పిల్లలకు ఆ పూట కూడా ఇంట్లోనే వండాలి. అంటే ఖర్చు పెరిగేదీ రాబడి తగ్గేదీ ఒకేసారి. పండుగ నాడు ఎలాగో అప్పో సప్పో చేసి గడిపేస్తారు. ఆ అప్పు తీర్చాల్సిన రోజు, అద్దె కట్టాల్సిన రోజు, ఫీజు కట్టాల్సిన రోజు అన్నీ సెలవులయ్యాకే మీద పడతాయి. అందుకే మీ డబ్బును ఒకేరోజు ఖర్చుపెట్టేయకండి. కొంత సెలవులు మొదలుకాకముందే సరుకుల రూపంలో ఇవ్వండి, సగానికి పైగా పండుగ వెళ్లిన నెలకో రెండు నెలలకో అట్టిపెట్టండి. డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో, ఏ తేదీన ఇస్తారో ఇప్పుడే రాసుకుని గ్రూపులో పెట్టండి. లేకపోతే పండుగ అవగానే ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. ఇది ఎవరి తప్పూ కాదు, ఎక్కడైనా జరిగేదే.

సెలవుల్లోనే సాయం చేయాలని గట్టిగా ఉంటే దానికీ మంచి దారి ఉంది, చాలామందికి తట్టదు. ఆశ్రమంలో వంట చేసే ఆవిడకూ, ఆయాకూ, వాచ్‌మన్‌కూ పండుగ ఉంటుంది కదా. వాళ్లకూ ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు. మనం ఆ రోజే వెళ్లి హడావిడి చేస్తే వాళ్లకు సెలవు దొరకకపోగా పని రెట్టింపవుతుంది. మనం తెచ్చిన గిన్నెలు కడగాలి, మనం తిన్న చోటు ఊడవాలి. దానికి బదులు "మీ వంటమనిషి ఏ రోజు ఇంటికి వెళ్లాలనుకుంటున్నారు? ఆ పూట వంట, వడ్డన, శుభ్రం చేయడం అన్నీ మేం చూసుకుంటాం" అని చెప్పి చూడండి. ఫోన్‌లో అవతలి గొంతు మారిపోవడం మీకే వినపడుతుంది. మందులు ఇవ్వడం, మంచం పట్టినవాళ్లను లేపి కూర్చోబెట్టడం లాంటివి మాత్రం అలవాటున్న సిబ్బందికే వదిలేయాలి.

ఇక ఫోన్ ఎలా చేయాలో చెబుతాను, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "మీకేం కావాలండీ?" అని అడిగితే "మీ ఇష్టమండీ, ఏదిచ్చినా సంతోషమే" అంటారు. అది మొహమాటం. అడిగే తీరు మార్చండి. "ఈ నెల కొనాల్సి ఉండి కొనలేకపోయింది ఏమిటి?" అనండి. "మీ దగ్గర ఇప్పటికే ఎక్కువైపోయింది ఏమిటి? అది తేము" అనండి. "పండుగ తర్వాత ఏ వారం ఎవరూ రావడం లేదు?" అని అడగండి. ఈ మూడో ప్రశ్నకు జవాబు కోసం వాళ్లు క్యాలెండర్ తీస్తారు. జవాబులు మీరు అనుకున్నంత అందంగా ఉండవు. బట్టల సబ్బు, ఫినాయిల్, పెద్దవాళ్ల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, సాక్సులు, పాడైపోయిన మోటారు బాగుచేయించడం, కరెంటు బిల్లు. ఫినాయిల్ డబ్బాతో ఎవరూ ఫోటో దిగరు కాబట్టే అది ఎప్పుడూ తక్కువ పడుతుంది. డైపర్లు కొంటే సైజు తప్పకుండా అడగండి. చిన్నవైతే ఒరుసుకుని పుండ్లు పడతాయి, పెద్దవైతే కారిపోతాయి, రెండూ గదిలో మూలకు చేరతాయి.

బట్టల గురించి కాస్త వివరంగా చెప్పాలి. పండుగ మరుసటి రోజు మా సరుకుల గది తలుపు పూర్తిగా తెరుచుకోదు, వెనక మూటలు అడ్డం ఉంటాయి. ఒక్కో మూట విప్పి నేల మీద పోసి వేరు చేయాలి. జిప్పు ఊడిన ప్యాంటు, చంకలో చిరిగిన చొక్కా, ఒకే కాలి బూటు, పెళ్లిలో ఒకసారి కట్టి బీరువాలో పెట్టేసిన జరీ చీర, ఉతక్కుండా మడతపెట్టిన దుప్పటి. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే తెలుస్తుంది, వాసన వస్తే పక్కన పడేయాలి. ఇద్దరు మనుషులు రోజంతా కూర్చుంటే కట్టుకోదగ్గవి ఒక గుట్ట, చింపి తుడుపు గుడ్డలుగా వాడేవి ఒక గుట్ట, బయట పడేయాల్సినవి ఇంకో గుట్ట అవుతాయి. ఆ మూడో గుట్టను ఎత్తించడానికి సంస్థే బండికి డబ్బు కట్టాలి. మీరు బట్టలు ఇవ్వాలనుకుంటే ఉతికి, ఆరబెట్టి, మగవాళ్లవి, ఆడవాళ్లవి, పిల్లలవి వేరువేరుగా కట్టి, పైన సైజు రాసిన కాగితం అంటించండి. ఆ కాగితం ముక్క వల్ల మాకు ఒక పూట పని తగ్గుతుంది. మీ చుట్టానికి ఇవ్వడానికి సంకోచించే బట్ట ఏదైనా ఉంటే అది మూటలో పెట్టకండి.

వస్తువులా డబ్బా అంటే, చాలా సందర్భాల్లో డబ్బే మేలని నా అభిప్రాయం. ఏ నెల ఏది అవసరమో సంస్థకు తెలుసు, టోకున తక్కువ ధరకు కొనగలదు, దాచడానికి చోటు అక్కర్లేదు. అడక్కుండా పంపితే ఎంత వృథా అవుతుందో చెప్పడానికి యూరప్‌లోని బోస్నియాలో జరిగిన యుద్ధం ఒక పెద్ద ఉదాహరణ. 1992 నుంచి 1996 వరకు అక్కడికి విరాళంగా వచ్చిన మందుల్లో దాదాపు 17,000 టన్నులు గడువు తీరినవో, అక్కరకు రానివో అని తర్వాత అంచనా వేశారు. పంపినవాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే పంపి ఉంటారు. ఆ గుట్టలను వేరు చేసి, వదిలించుకునే భారం మాత్రం యుద్ధంలో ఉన్న ఊళ్ల మీద పడింది. బహుమతుల విషయంలోనూ ఇలాంటిదే కనిపించింది. అమెరికా ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో విద్యార్థులను అడిగి చూస్తే, పండుగకు తమకు వచ్చిన బహుమతుల విలువను వాళ్లు అసలు ధర కంటే పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా కట్టారు. బాగా తెలిసినవాళ్లు కొనిచ్చినా అంత తేడా వస్తే, ముక్కూమొహం తెలియనివాళ్లకు ఊహించి కొనేది ఎంతవరకు సరిపోతుందో ఆలోచించండి.

డబ్బు చేతికిస్తే తాగేస్తారేమో అనే భయం చాలామందిలో ఉంది, మీ బృందంలో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. దీన్ని పరిశోధకులు చాలా దేశాల్లో పరీక్షించారు. ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2014లో పరిశీలించారు. నగదు సాయం అందిన కుటుంబాల్లో మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు కనిపించలేదు. కెనడాలోని వాంకూవర్‌లో ఇల్లు లేని 50 మందికి ఒక్కొక్కరికి 7,500 కెనడా డాలర్లు ఏ షరతూ లేకుండా ఇచ్చి ఏడాది పాటు గమనించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. డబ్బు అందనివాళ్లతో పోలిస్తే వీళ్లు ఇల్లు లేకుండా గడిపిన రోజులు తగ్గాయి, మత్తు పదార్థాల మీద ఖర్చు పెరగలేదు. అయితే వ్యసనం తీవ్రంగా ఉన్నవాళ్లను ఆ ప్రయోగంలోకి తీసుకోలేదు, అది కూడా గుర్తుంచుకోవాలి. బాగా తెలిసిన కుటుంబం, ఫలానా ఖర్చు ఉందని తెలుసు అనుకుంటే నిశ్చింతగా డబ్బే ఇవ్వండి. ఫీజు, అద్దె, మందుల బిల్లు లాంటివైతే, వాళ్లకు ఇష్టమేనా అని అడిగి నేరుగా అక్కడే కట్టేయొచ్చు.

భోజనం పెట్టడమే మీ కోరికైతే శుభ్రతను అన్నిటికంటే ముందు చూడండి. వండిన పదార్థం మామూలు వేడిలో రెండు గంటలకు మించి బయట ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు ఉండాలి. పొద్దున నాలుగింటికి వండించి, డబ్బాల్లో మూతపెట్టి, దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకుని మధ్యాహ్నం వడ్డిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మనం తట్టుకుంటాం, ఎనభై ఏళ్ల మనిషికి ఒక్కరోజు విరేచనాలంటే ప్రాణం మీదికొస్తుంది. విందులో మిగిలినది తెచ్చేవాళ్లు కూడా వండిన సమయం తెలిస్తేనే తీసుకురండి. వృద్ధాశ్రమమైతే పళ్లు లేనివాళ్లు ఎంతమంది, షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది, ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఎంతమంది అని అడిగి, దాన్ని బట్టి వండించండి. అందరూ మెత్తగా కలుపుకుని తినేలా ఉంటే చాలు, పది రకాలు అక్కర్లేదు.

ఇంట్లో వాడగా మిగిలిన మందులు పట్టుకెళ్లకండి. పసిపిల్లల పాలపొడి డబ్బాలూ, పాలసీసాలూ మీ అంతట మీరు కొని పంచకండి. ఇలాంటి తల్లిపాల ప్రత్యామ్నాయాల ప్రచారాన్ని కట్టడి చేసే నియమావళిని ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం) 1981లోనే ఆమోదించింది. విపత్తుల్లో కూడా వీటిని విరాళంగా పంచవద్దనే నిపుణులు చెబుతారు. పాలిచ్చే తల్లికి ఉచితంగా డబ్బా చేతికొస్తే పాలు తగ్గిపోతాయి, డబ్బా అయిపోయాక కొనే స్తోమత ఉండదు, కలిపే నీళ్లు మంచివి కాకపోతే బిడ్డకు జబ్బు చేస్తుంది. తల్లి లేని బిడ్డలుంటే అక్కడి డాక్టరో నర్సో ఏది కావాలో రాసిస్తారు, అది కొనండి.

పిల్లల ఆశ్రమం దగ్గరికి వచ్చేసరికి నేను కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఒకసారి పండుగ రోజున ఒక ఆశ్రమంలో ఏడెనిమిదేళ్ల పాపను చూశాను. పొద్దున వచ్చినవాళ్ల ముందు రెండు చేతులూ జోడించి ఒక పాట పాడింది. మధ్యాహ్నం వచ్చినవాళ్ల ముందు అదే పాట, అవే చేతులు. సాయంత్రం మూడో బృందం వచ్చేసరికి ఆ పిల్ల ఎవరూ పిలవకముందే వచ్చి గోడ దగ్గర తన చోట్లో నిలబడింది. ప్యాకెట్ అందుకున్నాక కెమెరా వైపు చూడాలని కూడా దానికి తెలుసు. ఎవరూ దాన్ని కొట్టలేదు, తిట్టలేదు, అందరూ ముద్దుచేసినవాళ్లే. అయినా ఒక బిడ్డ పండుగ అలా గడవకూడదు. ఒకరోజు వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని, మళ్లీ కనిపించని మనుషులు వరసగా వస్తుంటే పిల్లలు మనుషుల్ని నమ్మడం మానేస్తారు. సందర్శకులతో డబ్బు వస్తుందని తెలిసిన కొన్ని చోట్ల, పిల్లల్ని పోగు చేయడమే వ్యాపారమైపోయిన సంగతి కూడా చాలా దేశాల్లో బయటపడింది. అందుకే 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానంలో, అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరుతో జరిగే యాత్రల వల్ల పిల్లలకు కలిగే హానిని అడ్డుకోవాలని దేశాలను కోరింది. ప్రపంచంలో ఇలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల అక్కడ చేరుతున్నారు. అంటే బిడ్డను ఇంట్లోనే ఉంచుకుని చదివించుకోగలిగేలా ఆ కుటుంబానికి తోడ్పడే సంస్థకు మీ డబ్బు ఇస్తే సమస్యను మొదట్లోనే పట్టుకున్నట్టు. ఆశ్రమానికే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, నిర్వాహకులతో మాట్లాడి, అవసరమైనవి అప్పగించి రండి. పిల్లలతో కలవాలనుంటే ఏడాది పొడుగునా ప్రతి వారం వచ్చి లెక్కలు నేర్పగలిగేవాళ్లు, సంస్థ పెట్టే తనిఖీలన్నిటికీ ఒప్పుకున్నవాళ్లు రావాలి.

ఫోటోల గురించి కూడా చెప్పేస్తాను. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదంటారు మన పెద్దలు. ఆఫీసుకు లెక్క చూపాలంటే సరుకుల ఫోటో తీయండి, రసీదు ఫోటో తీయండి. తీసుకునే మనిషి ముఖం అవసరం లేదు. "ఫోటో తీయమంటారా?" అని అడిగితే సాయం అందుకుంటున్న మనిషి కాదనలేడు, కాబట్టి ఆ అంగీకారాన్ని అంగీకారంగా లెక్కపెట్టకండి.

మీ పిల్లల సంగతి. వాళ్లను తీసుకెళ్లడం తప్పని నేను అనను, ఎక్కడికి, ఏ పనికి అన్నదే చూడాలి. సరుకులు కొనడానికి తీసుకెళ్లండి. జాబితా వాళ్ల చేతికివ్వండి, ప్యాకెట్లు వాళ్లతోనే కట్టించండి, సైజు కాగితాలు రాయించండి. ఇలాంటి పని ఇస్తే పిల్లలు ఎంత శ్రద్ధగా చేస్తారో చూసి నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. వృద్ధాశ్రమానికైతే నిర్భయంగా తీసుకెళ్లొచ్చు, జలుబు, దగ్గు లేనప్పుడు మాత్రమే. అక్కడ పెద్దవాళ్లకు కావాల్సింది భోజనం కన్నా మాట. తమను చూడ్డానికి ఎవరూ రాని ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు, వాళ్లెవరో ఆయాను అడిగితే చెబుతుంది. వాళ్ల పక్కన కూర్చుని ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టండి, కళ్లజోడు కాడ ఊడి ఉంటే బిగించండి, కొడుకు నంబరు సేవ్ చేసి ఎలా కలపాలో నేర్పండి. తొందరపడకండి. ఆ పెద్దాయన ఒకే విషయం రెండుసార్లు చెబితే రెండుసార్లూ వినండి. మళ్లీ వస్తామని మాత్రం రాగలిగితేనే చెప్పండి. వాళ్లు ఆ రోజు పొద్దున్నే తయారై కూర్చుంటారు.

దూరంగా ఉన్నవాళ్లను వెతకడానికి ముందు మీ దగ్గరే పనిచేసేవాళ్లను ఒకసారి చూడండి. ఆఫీసు ఊడ్చేవాళ్లు, రాత్రి కాపలా కాసేవాళ్లు, ఇంట్లో పని చేసిపెట్టేవాళ్లు. ఆఫీసు మూసిన రోజులకు కాంట్రాక్టు పనివాళ్లకు కూలి వస్తుందా అని మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? రాకపోతే ఆ నాలుగు రోజుల కూలి ఇప్పించమని పదిహేను మంది కలిసి మేనేజ్‌మెంట్‌ను అడగండి. ఇంట్లో పనిచేసే ఆవిడకు జీతం పండుగకు ముందే ఇచ్చి, సెలవు ఇచ్చి, ఆ సెలవుకు జీతం కోయకండి. దీన్ని దానం అనరు, అయినా ఆ ఇంట్లో అది చేసే మేలు చాలా పెద్దది.

ఏ సంస్థకైనా డబ్బు పంపేముందు అది రిజిస్టర్ అయిందా, ఏటా లెక్కలు బయటపెడుతోందా, సంస్థ పేరు మీద రసీదు ఇస్తుందా చూడండి. పండుగ రోజుల్లో ఏడుస్తున్న పిల్లల ఫోటోతో, కింద ఒక వ్యక్తి ఖాతా నంబరుతో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. గంటలో పంపకపోతే ప్రాణం పోతుందని తొందరపెట్టేవాటిని అసలు నమ్మకండి. సంస్థ జీతాలకు, అద్దెకు కొంత ఖర్చు చూపిస్తే దాన్ని తప్పుపట్టకండి. లెక్క రాసే మనిషి, బండి నడిపే మనిషి లేకుండా మీరిచ్చింది ఎవరికీ చేరదు.

చివరిగా, డబ్బుతో పనిలేని సాయం ఒకటి ఉంది. సెలవుల్లో కాలేజీలు, ఆఫీసులు మూసేయడంతో రక్తదాన శిబిరాలు ఆగిపోతాయి, ఇచ్చేవాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. ప్రమాదాలు, కాన్పులు, క్యాన్సర్ చికిత్సలు మాత్రం ఆగవు. ఎర్ర రక్తకణాలను ఫ్రిజ్‌లో 42 రోజుల దాకా దాచొచ్చు. ప్లేట్‌లెట్లు అయిదు నుంచి ఏడు రోజుల్లో వాడేయాలి. కాబట్టి సెలవులకు ముందే అందరి దగ్గరా తీసి పెట్టుకుందామన్నా ప్లేట్‌లెట్ల విషయంలో కుదరదు, సెలవుల మధ్యలో ఎవరో ఒకరు రావాల్సిందే. మీ పదిహేను మందిలో ఊళ్లో ఉండేవాళ్లెవరో చూసుకుని, పేర్లూ బ్లడ్ గ్రూపులూ రాసి, దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయండి. అందరూ కలిసి ఒకే రోజు వస్తామని చెప్పకండి. ఎవరు ఏ తేదీన రావాలో వాళ్లనే చెప్పమనండి.